బక్కయ్య స్కోరు

జనవరి 20, సోమవారం

ప్రకటన.

చైతన్యపురి హాస్టళ్ల గల్లీ రెండో అంతస్తు నివాసి, దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో ఇరవై ఆరేళ్ల సీనియర్ సేల్స్‌మన్, తొమ్మిదో తరగతిని రెండుసార్లు శ్రద్ధగా చదివి రెండుసార్లూ దాన్ని అక్కడే వదిలిపెట్టి వచ్చిన చింతకింది నర్సింహులు అనే నేను సర్వజనులకు తెలియజేయునది ఏమనగా:

ఒకటి. ఈ ఇంట్లో పెరుగు గిన్నె మూత ఎవరు తీస్తే వారే పెట్టవలెను. పిల్లి పెట్టదు.

రెండు. టీవీ రిమోట్‌ను దిండు గలీబులో దాచుట నేరము. దొరికినచో దాచినవారికి వారం రోజులు సీరియల్ బంద్.

మూడు. ఈ పుస్తకంలో రాయబడునదంతా నిజము. దీనిని నేను తప్ప ఎవరూ చదవరాదు, ముఖ్యముగా పెరుగు గిన్నె మూత తీసేవారు. ఇది బియ్యం డబ్బా వెనక ఉండును కావున ఎవరికీ కనిపించదు.

ఇట్లు, సంతకం.

ఇక అసలు సంగతి. సుచిత్ర తన కుట్టు మిషన్ మీద దుప్పటి కప్పి నేటికి నలభై రోజులు. నిన్న ఫోన్లో ఎవరికో చెబుతోంది, "మంచిగనే నడుస్తది, తీస్కపోతనంటే ఇచ్చేస్త" అని. పద్దెనిమిదేళ్లుగా ఆ మిషన్ చప్పుడు వింటూ అన్నం తిన్నవాణ్ణి. ఇప్పుడు ఇంట్లో నేను నమిలే చప్పుడు నాకే వినిపిస్తోంది, ఏమంత బాగాలేదు.

డిసెంబరులో తన్మయి అనే హాస్టల్ పిల్ల జాకెట్టు కొలతలకు వచ్చింది. గ్రూప్స్‌కు చదువుతోంది, మంచి పిల్లే. మా ఆవిడ టేపు పట్టి భుజం మీద చెయ్యి వేయగానే ఒక అంగుళం వెనక్కి జరిగింది. "ఆంటీ, గిది అంటుకుంటదా?" అని అడిగింది. అంతే. టైలరుకు అంగుళం అంటే చాలా దూరం.

సుచిత్రకు మోచేతుల మడతల్లో ఆ దురద చిన్నప్పటి నుంచీ ఉన్నదే. నలభై దాటాక మణికట్లకు, మెడకు, వేళ్లకు పాకింది. గల్లీలో కొందరు తామర అంటారు, కొందరు గజ్జి అంటారు. ఎవరూ డాక్టర్లు కారు, అందరికీ పేర్లు తెలుసు.

గురువారం ఎల్బీ నగర్ చర్మాల దవాఖానకు పోతున్నాం. రానంది. నువ్వు రాకపోతే 'దవాఖానకు భయపడిన మనిషి' అని రాసి లిఫ్టు మీద నీ ఫోటో అంటిస్తానన్నాను. వస్తోంది.

జనవరి 23, గురువారం

డాక్టర్ పేరు అమల. గుంటూరు వైపు మనిషి, ప్రతి మాటకూ 'అండీ' తగిలిస్తుంది. చూడగానే చెప్పింది, "ఇది ఎగ్జిమా అండీ. అంటుకోదు. ముట్టుకున్నా అంటుకోదు, ఒకే సబ్బు వాడినా అంటుకోదు." ఈ ముక్క కాగితం మీద రాసిమ్మన్నాను, గల్లీ గేటుకు అంటిస్తానని. నవ్వింది గానీ రాసివ్వలేదు.

తర్వాత లెక్క మొదలైంది. స్కోరాడ్ అని పేరు. జబ్బుకు మార్కులు వేస్తారు, నూటమూడుకు. పరీక్షలో ఎన్ని ఎక్కువొస్తే అంత మంచిది, ఇక్కడ తక్కువొస్తే మంచిది. నా చదువుకు తగిన పరీక్ష ఇన్నేళ్లకు దొరికింది.

మొదట, ఒంటి మీద ఎంత మేర ఉందో అరచేత్తో కొలుస్తారు. అరచెయ్యి, వేళ్లతో కలిపి, ఒంట్లో నూటికి ఒక వంతు. నా చెయ్యి పెద్దది మేడం, తొందరగా అయిపోతుంది అన్నాను.

"పేషెంటు చెయ్యే పెట్టాలండీ. మీ చెయ్యి పెడితే మీ ఆవిడ జబ్బు సగం మాయమైపోతుంది" అంది.

నలభై అరచేతులు వచ్చింది. తర్వాత ఎరుపు, వాపు, కారడం, గీరిన గీతలు, మందం, పొడి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. అంతదాకా డాక్టరు కళ్లే చూసుకుంటాయి. చివరి రెండు మాత్రం పేషెంటు నోటితో చెప్పాలి, దురద పదికి ఎంత, నిద్ర చెడింది పదికి ఎంత.

"గత మూడు రోజులు గుర్తుచేసుకుని చెప్పండి" అంది డాక్టరు.

సుచిత్ర కొంగు సర్దుకుంది. "దురదా మేడం, ఏదో ఒక రెండు. నిద్రకేం, పంటనే ఉన్న. ఒకటి రాసుకోండ్రి."

"పది" అన్నాను నేను. "రెండూ పది."

డాక్టరు పెన్ను ఆపింది. "మీరు ఏం పని చేస్తారండీ?"

"చీరల షాపు మేడం."

"అందుకే. ఇక్కడ బేరం లేదండీ. నేను సగానికి అడగను."

మొత్తం నలభై ఆరు వచ్చింది. యాభై దాటితే తీవ్రం, లైటు చికిత్స అవసరం. దాటకపోతే పూతమందులతో చూడవచ్చట. కానీ డాక్టరు ఆ కాగితాన్ని వెంటనే ఫైల్లో పెట్టలేదు. సుచిత్ర మణికట్టు చూసింది, కాగితం చూసింది, మళ్లీ మణికట్టు చూసింది. రక్తపరీక్షలు రాసింది.

మెట్రోలో అడిగాను, రెండెందుకు చెప్పావని.

"మరేమని చెప్పాలె? పెద్దమనుషులు కూసున్న కాడ గోక్కునుడు గురించి ఉపన్యాసమియ్యాల్నా?"

ఆవిడ టైలరు. జాకెట్టు కుట్టేటప్పుడు రెండంగుళాల బట్ట లోపలికి మడిచి కుట్టేస్తుంది, బయటికి కనిపించేది ఒక సన్నటి గీత. దురదనూ అట్లాగే కుట్టింది. నేనేమో చెప్పే రేటుకు రెట్టింపు చెప్పి బతికినవాణ్ణి. మా ఇద్దరి మధ్య ఆ డాక్టరుకు నిజమైన అంకె ఎక్కడ దొరుకుతుంది?

జనవరి 24

నిన్నటి పేజీ మీద పసుపు మరక. బొటనవేలంత. బల్లి పని అయి ఉంటుంది.

జనవరి 30, గురువారం

రిపోర్టుల కోసం దుకాణంలో ఒక పూట పర్మిషన్ అడిగి ఒక్కణ్ణే పోయాను. ప్రసన్నకుమార్ నా కౌంటరు చూసుకున్నాడు. పోయేముందు వాడి వీపుకు "ఈ పీసు మీద నలభై శాతం తగ్గింపు" చీటీ అంటించి పోయాను. వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. ఇద్దరు ఆడవాళ్లు ఆగి చూశారట, కొనలేదట.

రిపోర్టులు. ఐజీఈ అనేది వందలోపు ఉండాలి, సుచిత్రకు పందొమ్మిది వందల నలభై. ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు రెట్టింపు. ఎల్‌డీహెచ్ అని ఇంకోటి, అదీ గీత దాటింది. నేను గెలిచాననుకున్నాను.

"చూసిండ్రా మేడం, రక్తం నా దిక్కు చెప్తుంది. గిది చూసి మీరే పది రాసుకోండి."

"అట్లా కుదరదండీ. ఐజీఈ చూస్తే ఆవిడది అలర్జీ తత్వం అని తెలుస్తుంది. ఇవాళ ఎంత బాధగా ఉందో దాంతో తెలియదు. వేలల్లో ఉండి హాయిగా తిరిగేవాళ్లున్నారు, మామూలుగా ఉండి ఒళ్లంతా పుండ్లయినవాళ్లున్నారు. మిగతా రెండూ జబ్బు పెరిగితే పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి, కొంత నమ్మొచ్చు. కానీ రక్తానికి దురద తెలియదండీ. ఆ అంకె ఆవిడ నోటి నుంచే రావాలి. మీ నోటి నుంచి కూడా కాదు."

బయటికొచ్చి వరండాలో కూర్చున్నాను. పక్క కుర్చీలో ఒక మనిషి. పేరు బక్కయ్య అట, మనిషి మాత్రం సిటీ బస్సంత. వనస్థలిపురం. లారీ నడిపి నడిపి మానేశాడు. ఆయనకూ ఇదే జబ్బు, ఇదే డాక్టరు. స్కోరు అరవై ఒకటి.

"దురద ఎంతని అడిగింది మేడం" అన్నాడు. "పది అన్న. పదికి పైన ఉంటె గదీ రాయమన్న. నిద్ర ఎంత అంటె, నిద్ర అంటె ఏందని అడిగిన. సిగ్గెందుకు తమ్మీ, లారీ బ్రేక్ పడకపోతె మెకానిక్‌కు మంచిగనే ఉందని చెప్తమా?"

ఆయనకు లైటు చికిత్స మొదలుపెట్టారట. భార్య సైదమ్మ రోజూ గోళ్లు కత్తిరించి, మందు రాసి, చేతులకు గుడ్డ చుడుతుందట. నిజం చెప్పినందుకు పడ్డ శిక్ష అని నవ్వుతున్నాడు. భలే మనిషి.

ఇవన్నీ సుచిత్రకు చెప్పలేదు. ఆవిడకు చెప్పి ఏం లాభం. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 1

మళ్లీ బల్లి. ఈసారి మరకతోపాటు శనగపిండి కూడా ఉంది. బజ్జీలు వేసే బల్లి.

పొద్దున టీ ఇస్తూ అడిగింది, "దవాఖానల నీకు తెలిసినోళ్లు ఎవరన్న కలుస్తరా ఏంది?"

ఎవరూ లేరన్నాను.

"ఊకెనే అడిగిన" అంది.

ఫిబ్రవరి 6, గురువారం

రెండో లెక్క. పూతమందు రాసి రెండు వారాలు. అరచేతులు నలభై నుంచి ముప్పై ఆరుకు దిగాయి. ఎరుపూ మందమూ అన్నీ అట్లాగే ఉన్నాయి.

"దురద ఎంతండీ?"

నేను కిటికీలోంచి మెట్రో పిల్లర్లు లెక్కపెడుతున్నాను. నోరు తెరిస్తే బయటికి పంపిస్తానని డాక్టరు ముందే చెప్పింది.

సుచిత్ర కొంగు సర్దుకోబోయి మానేసింది. తర్వాత నిండు చేతుల జాకెట్టు గుండీలు విప్పి, చెయ్యి మోచేతి దాకా బల్ల మీద పెట్టింది. "ఎనిమిది" అంది.

"నిద్ర?"

"ఏడు మేడం. తెల్లారి మూడయితది ఒక్కోసారి. ఈయన లేస్తడని బాత్రూంల కూసుని తడిగుడ్డ పెట్టుకుంట."

యాభై ఏడు. డాక్టరు కాగితం ఈసారి వెంటనే ఫైల్లో పెట్టింది. "ఇప్పుడు నాకు కనిపిస్తున్నదీ మీరు చెప్తున్నదీ ఒకటేనండీ. సోమవారం నుంచి లైటు పెడదాం."

మెట్రో ఎక్కాక నా మొహం చూసి అంది, "ఏంది, గెలిచిననుకున్నవా? నువ్వు పది చెప్పినవ్. నేను ఎనిమిదే చెప్పిన."

ఫిబ్రవరి 7

ఏడు.

ఫిబ్రవరి 8

పక్కనే పడుకుని గురక పెట్టిన మనిషిని, ఏళ్ల తరబడి. రెండు గోడలకు వినిపించే గురక అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఏడు.

సరే. జిడ్డు మరక ఉంది నిన్నటి పేజీ మీద, తెల్ల క్రీముది. బల్లికి కూడా మందు రాస్తున్నారన్నమాట. సంతోషం.

ఫిబ్రవరి 17, సోమవారం

లైటు చికిత్స అంటే బీరువా. లోపల నాలుగు వైపులా నీలం ట్యూబులైట్లు. కళ్లకు నల్లద్దాలు పెట్టుకుని లోపల నిలబడాలి. మొదట అర నిమిషం, తర్వాత కొంచెం కొంచెం పెంచుతారు. సోమ, బుధ, శుక్రవారాలు.

మొదటి రోజు బయటికొచ్చి అంది, "బట్టల షాపుల బొమ్మను నిలబెట్టినట్టు నిలబెట్టిండ్రయ్యా. ఒకటే తక్కువ, రేటు చీటి."

రెండు నెలలుగా మెట్రోలో కడ్డీ పట్టుకోని మనిషి. ఇప్పుడు చైతన్యపురిలో ఒక్కతే ఎక్కి ఎల్బీ నగర్‌లో ఒక్కతే దిగుతోంది. కడ్డీ పట్టుకుంటోందా అని అడగలేదు.

బక్కయ్యది మంగళ, గురు, శనివారాలు, అందుకే ఇద్దరూ ఎదురుపడటం లేదు. నిన్న దుకాణానికి వచ్చి కలిశాడు. స్కోరు యాభై ఎనిమిదికి దిగిందట. "మీ ఇంటామెది యాభై ఏడా? ఒక్కటి తక్కువ. ఉండనీ, వచ్చే నెలకు నేనే ముందుంట" అని పందెం కట్టాడు.

ఫిబ్రవరి 19

క్రీము డబ్బా వారంలో సగం అయిపోయింది. ఇదివరకు వారానికి ఒక వేలంత తగ్గేది. వంట చేస్తూ కూడా రాసుకుంటోంది. ఎవరితోనో పోటీ ఉన్నట్టుంది, ఎవరితోనో తెలియదు.

ఫిబ్రవరి 27, గురువారం

ముప్పై తొమ్మిది. దురద ఐదు, నిద్ర నాలుగు. డాక్టరు చప్పట్లు కొట్టినంత పని చేసింది.

సాయంత్రం సుచిత్ర గిన్నెలు తోముతూ, గ్లవ్స్ తొడుక్కునే, గోడ వైపు చూస్తూ అడిగింది. "మరి అందరికి గిట్లనే దిగుతదా? కొందరికి యాభై ఎనిమిది కాడ్నే ఆగుతదేమో."

పది రోజుల కింద నేను బక్కయ్యకు యాభై ఎనిమిదని రాశాను. నోట్లో తువ్వాలు కుక్కుకుని వరండాలోకి పోయాను.

మార్చి 2, ఆదివారం

ఇక దాచడం ఆమెకూ చేతకాలేదు. "ఆ బక్కయ్యనేటాయనకు గీ సర్వపిండి ఇయ్యి" అని డబ్బా ఇచ్చింది. బక్కయ్య నీకెట్ల తెలుసు అని అడిగాను. నిద్రలో కలవరించావంది.

సర్వపిండి బక్కయ్యకు చాలా నచ్చింది. ప్రసన్నకుమార్‌కు కూడా ఒక ముక్క ఇచ్చాడు.

మార్చి 4, మంగళవారం

ఇవాళ పుస్తకం దుకాణానికి తెచ్చి రాస్తున్నాను. బక్కయ్య ఒక ఘనకార్యం చేశాడు. ఎవరో చెబితే వేపాకు నీళ్లు మరగబెట్టి, గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి, ఆ వేడి నీళ్లలో చేతులు మోచేతుల దాకా ముంచాడట. మొదట దురద మాయమైందట, స్వర్గంలా ఉందట. తర్వాత

ప్రసన్నకుమార్ వచ్చాడు, పెళ్లి పార్టీ దిగిందట, ముప్పై చీరలు చూపించాలి. మిగతాది రేపు.

మార్చి 6, గురువారం

మిగతాది రాయలేదు. నిన్న రోజంతా పెళ్లి పార్టీయే.

తర్వాత బక్కయ్య చేతులు కాలి, ఊడి, సైదమ్మ ఆయన్ను గల్లీ చివరి దాకా తరిమిందని రాయాలనుకున్నాను. బాగా నవ్వొచ్చేట్టు రాయాలనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో వేపాకు వాసన. సుచిత్ర సింకు దగ్గర నిలబడి రెండు చేతులూ కుళాయి కింద పెట్టుకుంది. మణికట్ల మీద తోలు లేచి రసి కారుతోంది.

"ఏం చేసినవే?"

"ఏం లేదు. జర మంట."

"ఎంత?"

"తొమ్మిది" అంది.

ఆమె నిజం చెప్పడం నేర్చుకుంది, దాంతోపాటు నమ్మడం కూడా. నేనే నేర్పాను రెండూ.

మార్చి 7, శుక్రవారం

అరవై. మొదటి రోజుకన్నా పైన.

"వేపాకూ ఉప్పూ ఎవరు చెప్పారమ్మా?" అంది డాక్టరు. కోపం వస్తే ఆమె అండీ మానేస్తుంది.

"తెలిసినాయన" అంది సుచిత్ర. "ఇక్కడి పేషెంటే."

"ఇంకో పేషెంటుకు పనికొచ్చింది మీకు పనికిరాదు. వాళ్లకీ పనికొచ్చి ఉండదు. చర్మం మానేదాకా లైటు బంద్."

నేను పిల్లర్లు లెక్కపెట్టాను. పదకొండు కనిపిస్తాయి ఆ కిటికీలోంచి.

మందులు తెచ్చేసరికి సుచిత్ర లైటు గది దగ్గర సిస్టర్‌తో ఏదో మాట్లాడుతోంది. నన్ను చూసి ఆపేసింది. దారంతా ఒక్క మాట లేదు. నా వైపు మాత్రం రెండుసార్లు చూసింది, బట్టలో నేత తప్పు వెతికినట్టు.

మార్చి 8

బక్కయ్య గురించి రాయడం ఈ రోజుతో బంద్.

మార్చి 10

బంద్ అన్నాను కదా. రాయను.

పొద్దున, సాయంత్రం మందు నేనే రాస్తున్నాను. చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత దాకా పొడుగు మందు, రెండు అరచేతులంత మేరకు. డాక్టరు చెప్పిన కొలత. ఇరవై ఆరేళ్లు చీర అంచులు తడిమిన వేళ్లు, చర్మం ఎక్కడ గరుకో ఎక్కడ మెత్తనో తొందరగానే తెలిసిపోతోంది. ఎడమ మోచెయ్యి మడత నిన్నటికన్నా మెత్తగా ఉంది. ఆమెకు చెబితే, "నన్ను గూడ మడత పెట్టి చూపెట్టు కస్టమర్లకు" అంది.

మాట్లాడింది. అది చాలు ఈ రోజుకు.

మార్చి 16, ఆదివారం

మిషన్ చూడ్డానికి హయత్‌నగర్ నుంచి రాజశేఖర్ అనే టైలరు వచ్చాడు. నేను తలుపు తీసి, ఇక్కడ సుచిత్ర అనేవాళ్లు లేరని చెప్పాను. వెనకనుంచి సుచిత్ర, "లోపటికి రా తమ్మీ, ఈయనకు గట్లనే ఉంటది" అంది.

దుప్పటి తీసింది. తొంభై రోజుల పైమాట. నూనె వేసి, పాత బట్టముక్క పెట్టి తొక్కింది. వేళ్లకు మానుతున్న పొరలు ఇంకా ఉన్నాయి. బట్టను మాత్రం వంకర పోనివ్వలేదు. ఆ చప్పుడు విని మెట్ల మీద ఎవరిదో తలుపు తెరుచుకుంది.

రాజశేఖర్ కుట్టు తిప్పి చూసి, "పాతదైనా మంచి చెయ్యి మీద ఉన్నదక్కా. తీస్కపోత" అన్నాడు.

సుచిత్ర బట్టముక్కను గోటితో గీసింది, ఒకసారి, రెండుసార్లు.

"ఇప్పుడే గాదు తమ్మీ" అంది. "ఒక చొక్కా కుట్టేదుంది. అది అయినంక చెప్త."

వాడు పోయాక అడిగాను, చొక్కా ఎవరికని.

"ఆ బక్కయ్యనేటాయనకు. పాపం, నీ దోస్తు. నా లెక్కనే బాధ పడుతుండే గద. కొలతలు తీస్కరా."

మార్చి 18

దుకాణంలో ట్రయల్ రూంలో టేపుతో నన్ను నేను కొలుచుకున్నాను. బక్కయ్య సిటీ బస్సంత అని రాశాను కాబట్టి ఛాతీకి ఆరంగుళాలు, పొట్టకు ఎనిమిది కలిపాను. ప్రసన్నకుమార్ చూసి, "అన్నా, కడుపుల ఎవరన్న ఉన్నరా?" అన్నాడు.

చీటీ ఇచ్చాను. చదివి, "మస్తుగున్నడు మనిషి" అంది. మొహంలో ఏమీ లేదు. ఇంత ఏమీ లేని మొహం నేను దుకాణంలో తప్ప ఎక్కడా చూడలేదు.

నిన్నటి నుంచి మళ్లీ లైటు. అర నిమిషం నుంచి మొదలు.

మార్చి 24

చర్మం కుదుటపడుతోంది. దురద ఆరు అంది, అడగకుండానే. ఇప్పుడు పొద్దున్నే వార్తల్లా చెబుతుంది. "నిన్న ఐదు, ఇయ్యాల ఆరు. చింతకాయ తొక్కు మీద అనుమానం పెట్టుకోకు, చెమటకు." నేను రాసి పెడతాను. ఇద్దరం కలిసి చేసే పని ఇంట్లో ఇదొక్కటే మిగిలిందనుకుంటే ఇంకోటి కూడా ఉంది, పెరుగు గిన్నె గురించి కొట్లాట.

ఏప్రిల్ 9

పేజీ మీద మరక. పసుపు కాదు, క్రీము కాదు, శనగపిండి కాదు.

నీలం సుద్ద. బట్ట మీద గీతలు గీసే టైలరు సుద్ద.

బల్లీ, నీకు దండం.

ఏప్రిల్ 20, ఆదివారం

తన్మయి వచ్చింది. చేతిలో జాకెట్టు ముక్క. గుమ్మంలోనే నిలబడింది.

"ఆంటీ, వేరే దగ్గర ఇచ్చిన. చంకల కాడ పట్టేసింది."

"పట్టెయ్యదా మరి" అంది సుచిత్ర. "రా."

పొట్టి చేతుల జాకెట్టే వేసుకుని ఉంది సుచిత్ర. మోచేతుల దగ్గర రంగు ఇంకా మారలేదు, నల్లటి మచ్చలు ఉన్నాయి. టేపు మెడలో వేసుకుని, చెయ్యి చాపి, ఆగింది. ఆ పిల్లే అంగుళం ముందుకు జరిగింది.

నేను లోపలి గదిలో పేపరు చదువుతున్నాను. తలకిందులుగా పట్టుకున్నానని తర్వాత తెలిసింది.

ఏప్రిల్ 24, గురువారం

లెక్క. అరచేతులు పన్నెండు. ఎరుపు, పొడి, మందం అన్నీ కలిపి నాలుగు. రక్తం కూడా మళ్లీ తీశారు. తెల్లకణాలు దిగాయి, ఎల్‌డీహెచ్ గీత లోపలికి వచ్చింది. ఐజీఈ మాత్రం పద్దెనిమిది వందల చిల్లర, ఉన్నచోటే కూర్చుంది. "దాన్ని వదిలేయండి, దానికి తొందరలేదు" అంది డాక్టరు.

"దురద?"

"రెండు మేడం."

"నిద్ర?"

"ఒకటి."

డాక్టరు పెన్ను ఆగింది. జనవరిలో చెప్పిన అంకెలు, అచ్చంగా అవే. డాక్టరు పాత కాగితం తీసి పక్కన పెట్టి చూసింది.

"లోపటికి మడిచింది ఏమన్న ఉందా?" అన్నాను, బయటికి పంపిస్తారని తెలిసే.

సుచిత్ర నా వైపు తిరిగింది. "లేదయ్యా. విప్పి చూసుకో. రెండంటే రెండే."

పందొమ్మిది. స్వల్పం కింద లెక్క. లైటు వారానికి ఒకసారి చాలంది డాక్టరు. జబ్బు పూర్తిగా పోదని, చలికాలం మళ్లీ తల ఎత్తవచ్చని, ఎత్తినా కొలుచుకుని దించుకోవచ్చని చెప్పింది.

ఏప్రిల్ 27, ఆదివారం

రాజశేఖర్ ఫోన్ చేశాడు. సుచిత్ర స్పీకరు పెట్టి, కాళ్లతో మిషన్ తొక్కుతూనే మాట్లాడింది. "అమ్మేది లేదు తమ్మీ. ఇనొస్తలేదా, పని మీద ఉంది."

తర్వాత ఒక కవరు నా ఒళ్లో పడేసింది. బక్కయ్య చొక్కా. లేత నీలం, పొట్టి చేతులు, జేబు మీద సన్నటి కుట్టు.

"తొడుగు."

"ఆయనది గద?"

"తొడుగు, చూద్దాం."

తొడుక్కున్నాను. ఛాతీకి ఆరంగుళాలు, పొట్టకు ఎనిమిది ఎక్కువ ఉండాలి కదా. భుజం మీద భుజం కూర్చుంది. గుండీలు ఒక్కటీ లాగలేదు, ఒక్కటీ వదులు కాలేదు.

"నువ్విచ్చిన కొలతకు కుట్టలె" అంది. "నాకెర్కున్న కొలతకు కుట్టిన."

"ఎప్పట్నుంచి ఎరుక?"

"వేపాకు తెల్లారి. ఆయన్ను మంచిగ తిట్టాలని సిస్టర్‌ను అడిగిన, బక్కయ్య ఏ టైంకొస్తడని. గసొంటి పేరుతోని మాకు పేషెంటే లేడమ్మా అన్నది. చంపుదామనుకున్న నిన్ను."

"మరెందుకు చంపలె?"

ఆమె దారం కొరికింది. "ఆయన పది అన్నడని చదివినంకనే గద, నేను ఎనిమిదన్న. ఉన్నోళ్లెవరు చెప్పలె నాకు గా మాట. లేనోడు చెప్పిండు."

ఇంకా అంది, "వేపాకుకు మాత్రం బాకీ ఉన్నవ్. ఇయ్యాల్టి నుంచి గిన్నెలు నువ్వే తోముతవ్."

ఒప్పుకున్నాను. బేరం ఆడలేదు.

గిన్నెలు తోమి వచ్చి రాస్తున్నాను.

సవరణ ప్రకటన.

జనవరి 20 నాటి ప్రకటనలో మూడో నిబంధన కింద, ఈ పుస్తకంలో రాయబడునదంతా నిజమని తెలిపియుంటిని. అరచేతులు నిజం. రక్తం నిజం. రెండూ, ఎనిమిదీ, తొమ్మిదీ, మళ్లీ రెండూ, అన్నీ నిజం. పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టింది ఎవరికి కనిపించాలనో వారికి కనిపించడానికే. ఆ రోజు వరండాలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. నేనొక్కణ్ణే కూర్చుని, ఇంటికి పోయి ఏం చెప్పాలో తెలియక, గంటసేపు ఆ కుర్చీనే చూశాను.

బక్కయ్య అనే మనిషి లేడు. చొక్కా ఉంది, తొడుక్కునే ఉన్నాను.